రోడ్డు పైకి, గుడి కిందకి: మా శివాలయం నేల ఎత్తు పెంచాలా, వద్దా?

గట్టుమీద_గూడు
మాది పశ్చిమ డెల్టాలో ఒక టౌను. పేరు రాయను, కమిటీలో ఉన్నవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళే. బజారు మధ్యలో పాత శివాలయం ఉంది. నా చిన్నప్పుడు రోడ్డు మీద నుంచి గుడిలోకి మూడు మెట్లు ఎక్కేవాళ్ళం. ఇప్పుడు రెండు మెట్లు దిగుతున్నాం. గుడేమీ కుంగలేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు మీదే కొత్త తారు పోశారు. దాంతోపాటు వీధి కాలవ గట్లు కూడా లేపుకుంటూ పోయారు.

మొన్న కార్తీక సోమవారం ముందు రోజు రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి రుద్రాభిషేకం మొదలయ్యాక చూస్తే పోసిన నీళ్ళు బయటికి పోవడం లేదు. సోమసూత్రం, అంటే అభిషేకం నీళ్ళు బయటికి పోయే రాతి తూము, దాని మూతి వీధి కాలవ నీటిమట్టం కంటే కిందకి వెళ్ళిపోయింది. పంతులు గారు పానవట్టం (లింగం చుట్టూ ఉండే పీఠం) పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెంబుతో నీళ్ళు తోడి బకెట్లో పోస్తున్నారు. అది చూసి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇప్పుడు కమిటీ అంటున్నది ఇది. ప్రాకారం లోపల, మండపంలో రెండున్నర అడుగుల మట్టి పోసి లేపాలి. పైన గ్రానైట్ పరవాలి. గర్భగుడి మాత్రం ఉన్నచోటే ఉంటుంది, లోపలికి దిగి వెళ్ళాలి. స్తంభాలకి ఎనామిల్ రంగు, గోడలకి టైల్స్. దాతలు కూడా దొరికారు. వచ్చే ఆదివారం మీటింగు. నాకెందుకో మనసు ఒప్పుకోవడం లేదు కానీ, ఎందుకు వద్దో చెప్పడానికి మాటలు లేవు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పేట_పిల్లోడు
మా పేటలో ఆంజనేయస్వామి గుడిదీ ఇదే కథ. మా తాత అరుగు మీద కూర్చునేవాడంట. ఇప్పుడా అరుగు రోడ్డుకి సమానంగా ఉంది, స్కూటర్లు దాని మీదే పెడుతున్నారు.

సున్నం_గచ్చు
గోపురాల మీద బొమ్మల పని చేస్తాను, పదిహేనేళ్ళుగా. మీ మనసు సరిగ్గానే చెప్పింది.

రాతి గుడి గోడ నేల మీద నుంచి నేరుగా లేవదు. కింద అధిష్ఠానం అని ఒక పీట ఉంటుంది. అడుగున ఉపానం, దాని మీద జగతి, ఆపైన గుండ్రంగా కుముదం, లోపలికి నొక్కినట్టుండే కంఠం, ఆ మీద పట్టిక. ఒక్కో వరసకీ లెక్క ఉంది. గర్భగుడి కొలతను బట్టి పీట ఎత్తు, పీటను బట్టి గోడ ఎత్తు, ఆ పైన విమానం, అంటే గర్భగుడి మీది గోపురం. రెండున్నర అడుగుల మట్టి పోశారంటే పీట మొత్తం భూమిలోకి పోతుంది. నడుము దాకా పూడ్చిన మనిషిలా ఉంటుంది గుడి. మండపంలో నేల లేస్తే స్తంభాల అడుగు చతురస్రం, దాని మీద చెక్కిన బొమ్మలు కూడా కనపడవు. పైకప్పు తలకి తగులుతున్నట్టు అనిపిస్తుంది.

ఇంకోటి. చుట్టూ నేల లేపి గర్భగుడిని గోతిలో వదిలేస్తే నీళ్ళు ఎటు పోతాయి? ఇప్పుడు కార్తీకంలో ఒకరోజు నిలిచాయి, అప్పుడు ప్రతి వానకీ నిలుస్తాయి.

సత్రం_వీధి
అందరూ అందం గురించే మాట్లాడతారు. మా అమ్మకి 78 ఏళ్ళు. మా ఊరి గుడిలో తడిసిన పాత రాళ్ళ మీద జారి తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆవిడ గుడి మెట్టు తొక్కలేదు. కార్తీక దీపం ఇంట్లో తులసికోట దగ్గరే పెట్టుకుంటోంది. గుడి మ్యూజియం కాదు, రోజూ మనుషులు వచ్చే చోటు. ముసలివాళ్ళు దిగలేని గుడి ఎవరికోసం? నేల లేపితే తప్పేంటి?

సున్నం_గచ్చు
మీ అమ్మగారికి అలా జరగడం నిజంగా బాధగా ఉందండి. కానీ మీరు గ్రానైట్ కోరుకుంటున్నారు చూడండి, నున్నటి గ్రానైట్ తడిస్తే పాత రాయి కంటే ఎక్కువ జారుతుంది. పాలు, నూనె, కొబ్బరినీళ్ళు పడే చోట మరీను. ఉలితో గరుకు చేసిన రాయి వేయించండి, ఒకపక్క చేతిపట్టుకి ఇత్తడి కమ్మీ పెట్టించండి, మెట్ల పక్కన వాలు దారి కట్టండి. వీటిలో దేనికీ గుడి పీట పూడ్చనక్కర్లేదు.

సత్రం_వీధి
కమ్మీ సంగతి మాత్రం మీటింగులో తప్పకుండా చెప్పండి @గట్టుమీద_గూడు. వాలు దారి కూడా. ఎవరూ ఆలోచించరు.

డల్లాస్_నరసాపురం
మన వైపు ఇళ్ళకి జాకీలు పెట్టి పైకి లేపుతున్నారు కదా. మా బాబాయి వాళ్ళ రెండంతస్తుల ఇల్లు అలాగే మూడడుగులు లేపారు, గోడకి చిన్న బీట కూడా పడలేదు. గుడినే అలా లేపేస్తే పీటా ఉంటుంది, నీళ్ళూ పోతాయి. ఖర్చుకి మా వైపు నుంచి నలుగురం కలుస్తాం.

లెవెల్_మిషన్
సివిల్ ఇంజనీరుని, కాలవల మీద పనిచేశాను. జాకీల మాట అందరికీ వస్తుంది, అందుకే వివరంగా చెప్తాను.

ఇంటికి పునాది బీము ఉంటుంది, లేదా గోడ కింద కొత్తగా కాంక్రీటు పట్టీ వేసి దాని కింద జాకీలు పెడతారు. ఇటుకలు సిమెంటుతో అతుక్కుని ఉంటాయి కాబట్టి గోడంతా ఒక ముక్కలా లేస్తుంది. పాత రాతి గుడి అలా కాదు. చాలావాటిలో రాయి మీద రాయి బరువుతోనే నిలుస్తుంది, మధ్యలో అతుకు మందు ఉండదు. ఒక మూల కాస్త ఎక్కువ లేచినా దూలం రాయి విరిగే ప్రమాదం ఉంది. విరిగిన దూలాన్ని మళ్ళీ మునుపటిలా చేయడం కష్టం. పైగా లింగం పునాది వేరు, గోడల పునాది వేరు. దాన్నేం చేస్తారు?

మన నేల గురించి కూడా అనుకోవాలి. గోదావరి తెచ్చిన ఒండ్రు ఇది. నల్లబంక మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. పాతవాళ్ళకి ఇది బాగా తెలుసు. 1213 నాటి పాలంపేట రామప్ప గుడికి గొయ్యి తవ్వి ఇసుక నింపి దాని మీద పునాది వేశారు. అది డెల్టా కాదనుకోండి, నల్లమట్టి సమస్య మాత్రం ఒకటే. మీ గుడి కింద ఏముందో తెలియకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ముందు చెయ్యాల్సింది లెవెల్ తీయడం. గర్భగుడి నేల, సోమసూత్రం మూతి, వీధి కాలవ అడుగు, ఆ కాలవ పోయి కలిసే మురుగు డ్రైను అడుగు, ఈ నాలుగూ కొలవండి. చాలాచోట్ల కాలవ అడుగున అడుగున్నర పూడిక ఉంటుంది. అది తీస్తేనే సగం సమస్య పోతుంది.

కొబ్బరాకు_పందిరి
"కాలవ అడుగున అడుగున్నర పూడిక" 👏 మా వార్డులో పదేళ్ళుగా ఇదే మొత్తుకుంటున్నాను.

డల్లాస్_నరసాపురం
సరే, జాకీల మాట వెనక్కి తీసుకుంటున్నాను. డబ్బు మాట మాత్రం అలాగే ఉంది.

అర్చకుల_ఇల్లు
మేం నాలుగు తరాలుగా శివాలయంలో అర్చకులం. పంతులు గారు చెంబుతో తోడారని చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్నగారు కూడా ఒక కార్తీకం అలాగే తోడారు.

అభిషేకం అంటే పైన పోయడమే కాదు. లింగం మీద పడిన నీరు పానవట్టం మీదుగా ఉత్తరం వైపు సోమసూత్రంలోంచి బయటికి రావాలి. అప్పుడే అది తీర్థం. మా చిన్నప్పుడు సోమసూత్రం బయట రాతి తొట్టి ఉండేది, జనం అక్కడే చేతులు పట్టి తలమీద చల్లుకునేవారు. ఆ దారి మూసుకుపోతే రుద్రాభిషేకానికి ముందు మహన్యాసం ఎంత శ్రద్ధగా చదివినా లోపల మురుగులో కూర్చున్నట్టే ఉంటుంది. పాలు, తేనె, పెరుగు కలిసిన నీళ్ళు గంటలో వాసన వస్తాయి. లింగాన్ని పీఠంలో బిగించే అష్టబంధనం కూడా ఎప్పుడూ నానుతూ ఉంటే వదులవుతుంది. పన్నెండేళ్ళకి ఒకసారి వేయాల్సినది నాలుగేళ్ళకే చెడిపోతుంది.

గర్భగుడిలో చిన్న పని చేసినా ముందు బాలాలయం, అంటే తాత్కాలికంగా చిన్న గుడి, కట్టాలి. స్వామి కళను కుంభంలోకి ఆకర్షించి, ఆ బాలాలయంలో నిత్యపూజ ఆపకుండా చేసి, పని అయ్యాక మళ్ళీ ఆవాహన చేసి కుంభాభిషేకం చేస్తారు. మీ కమిటీ "గర్భగుడి ముట్టుకోం" అన్నది ఈ ఖర్చు తప్పించుకోవడానికే అయితే, అసలు పని అక్కడే ఉందని చెప్పండి.

ప్రదోషం
సోమసూత్రం మాట వచ్చింది కాబట్టి ఒక సందేహం. మా గుడిలో దాని మీద పలక వేసి మూసేశారు. ఇప్పుడు అందరూ దాని మీదుగానే తిరిగేస్తున్నారు. తప్పా?

అర్చకుల_ఇల్లు
శివాలయంలో సోమసూత్రం దాటకూడదనే మా పెద్దల మాట. ధ్వజస్తంభం దగ్గర మొదలుపెట్టి సోమసూత్రం దాకా వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి వచ్చి, అటువైపు నుంచి మళ్ళీ సోమసూత్రం దాకా వెళ్ళి వెనక్కి రావాలి. చండి ప్రదక్షిణ అంటారు.

పేట_పిల్లోడు
మా అమ్మమ్మ మాత్రం మూసి ఉంటే దాటొచ్చు అనేది.

అర్చకుల_ఇల్లు
అలా అనేవాళ్ళూ ఉన్నారు. ఎవరి ఇంటి ఆచారం వాళ్ళది. కనపడేలా ఉంచితే ఈ పేచీయే రాదు కదా.

పంచారామాల_బస్సు
ప్రతి కార్తీకంలో పంచారామాల శివాలయాలు అయిదూ ఒకే రోజు తిరుగుతాను, తెల్లవారుజామున అమరావతితో మొదలుపెట్టి. నీటి సంగతి చదువుతుంటే సామర్లకోట గుర్తొచ్చింది. అక్కడి కుమారారామంలో లింగం దాదాపు 14 అడుగులు, సున్నపురాయి. కింది అంతస్తులో మొదలై పైకప్పులోంచి పై అంతస్తుకి వస్తుంది. అభిషేకం పైన చేస్తారు, నీరు ఆ తెల్లటి రాయి వెంట కిందకి జారుతుంది. కింద నిలబడి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ద్రాక్షారామంలోనూ అంతే, కింద చీకటి ప్రదక్షిణ దారి, పైన శిరస్సుకి అభిషేకం. భీమవరం గునుపూడి సోమారామంలో ఇంకో తీరు. కింద సోమేశ్వరుడు, ఆయన పైన మేడ మీద అన్నపూర్ణమ్మ. పౌర్ణమికి లింగం తెల్లగా, అమావాస్యకి నల్లగా కనిపిస్తుందని చెప్తారు. నేను రెండుసార్లూ వెళ్ళి చూశాను, తేడా నా కంటికి కనిపించింది.

కొబ్బరాకు_పందిరి
అంటే వరద వస్తుందని తెలిసే పాతవాళ్ళు రెండంతస్తులు కట్టారంటారా?

శాసనాల_వెంట
అలా అనుకోవడానికి బాగుంటుంది కానీ, లింగం పొడుగే కారణం. శిరస్సుకి చెయ్యి అందాలంటే మేడ కావాలి. సామర్లకోట గుడి చాళుక్య భీముడి కాలానిది, అంటే 892 తర్వాతి మాట. తూర్పు చాళుక్యుల గుళ్ళు ఇంకా చూడాలంటే బిక్కవోలు వెళ్ళండి, వాటిలో కొన్ని పచ్చటి పొలాల మధ్య ఉంటాయి. వాటి చుట్టూ రోడ్లు పెరగలేదు కాబట్టి పీటలు ఎలా ఉంటాయో కళ్ళారా చూడొచ్చు. కమిటీవాళ్ళని ఒక వ్యాను ఎక్కించి అక్కడికి తీసుకెళ్ళండి @గట్టుమీద_గూడు. వంద మాటలు చెప్పే పని తప్పుతుంది.

ఇక ఎనామిల్ రంగు. దయచేసి ఒప్పుకోవద్దు. ద్రాక్షారామం గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలు ఉన్నాయి. ఎవరు ఎన్ని గొర్రెలిచ్చారు, ఏ అఖండ దీపానికి నెయ్యి ఎవరు పోయాలి, ఇవన్నీ తెలిసింది ఆ రాతల వల్లే. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో కీర్తించిన క్షేత్రం అది. మీ గుడి స్తంభాల మీద కూడా ఏముందో ఎవరు చూశారు? రంగు వేస్తే అక్షరం గాడి నిండిపోతుంది. తర్వాత ఆ రంగు తీయడానికి ఇసుక చిమ్మే యంత్రం పెడతారు, దాంతో అక్షరమే పోతుంది. రంగు వేయకముందే ఏటవాలుగా టార్చి వేసి రాత్రిపూట ప్రతి స్తంభం ఫోటో తీయండి. పగలు కనపడని గీతలు రాత్రి టార్చిలో కనపడతాయి.

మూడో_తరం
టైల్స్ గురించి నా అనుభవం చెప్తాను. మా నాన్నగారు పోయాక ఆయన పేరు మీద మా వీధి గుడికి గోడలంతా టైల్స్ వేయించాం. లక్షల్లో ఖర్చు. పాత సున్నపు గోడ అది. రెండేళ్ళకి టైల్స్ వెనక నుంచి తెల్లగా ఉప్పు పొంగింది, మూడో ఏడు టైల్స్ ఊడి పడటం మొదలైంది. తీసి చూస్తే లోపల ఇటుక పిండిలా రాలింది. నాన్నగారి పేరున్న పలక ఇంకా ఉంది, దాని చుట్టూ గోడ లేదు. దాతలకి ఇది చెప్పండి. వాళ్ళ ఉద్దేశం మంచిదే. మా ఉద్దేశమూ మంచిదే.

సున్నం_గచ్చు
@మూడో_తరం మీరు ఇది రాసినందుకు నమస్కారం. సున్నపు గోడ చెమ్మని పీల్చి ఆరబెట్టుకుంటుంది. టైల్స్, సిమెంటు, ఎనామిల్, ఇవన్నీ ఆ చెమ్మకి దారి మూసేస్తాయి. నేలలో నీళ్ళు పైనే ఉండే మన డెల్టాలో చెమ్మ కింద నుంచి ఎక్కుతూనే ఉంటుంది. బయటికి రాలేక లోపలే ఉప్పు కట్టి ఇటుకని తినేస్తుంది. మీ గోడకి మళ్ళీ సున్నం, ఇసుకతో గచ్చు చేయించండి. కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు కలిపి చేసే పనివాళ్ళు ఇంకా ఉన్నారు.

సత్రం_వీధి
ఇన్ని చెప్తున్నారు, ఆదివారం లోపు ఆయన కమిటీకి ఏం చూపించాలి? "వద్దు" అంటే సరిపోదు, వచ్చే కార్తీకానికి నీళ్ళు నిలవకూడదు.

లెవెల్_మిషన్
న్యాయమైన ప్రశ్న. నేనైతే ఇలా చేస్తాను.

ప్రాకారం గోడకి లోపల చుట్టూ సన్నటి కందకం తవ్వి, చిల్లుల పైపు వేసి కంకర నింపడం. ఆ నీరంతా ఈశాన్యం మూలో, ఎక్కడ పల్లం ఉంటే అక్కడో ఒక సంపులోకి. సంపులో మోటారు, నీటిమట్టం లేస్తే దానంతటదే ఆన్ అయ్యేది, దానికి ఇన్వర్టరు. సోమసూత్రం నీటికి మాత్రం వేరే తొట్టి పెట్టండి, మురుగుతో కలపకండి. వీధి కాలవలోకి వదిలే పైపుకి ఎదురు నీరు రాకుండా మూత వాల్వు. గుమ్మం దగ్గర రోడ్డు నీరు లోపలికి రాకుండా చిన్న రాతి గట్టు, దానికి అటూ ఇటూ వాలు.

తవ్వకం వేసవిలో పంట కాలవలు కట్టేశాక పెట్టుకోండి. అప్పుడు నేలలో నీళ్ళు దిగి ఉంటాయి. ఇప్పుడు తవ్వితే గొయ్యి ఊటతో నిండుతుంది. గుడి గోడకి ఆనుకుని మాత్రం తవ్వొద్దు, దూరం ఎంత ఉండాలో స్థపతి (గుడి కట్టడం తెలిసిన శిల్పి), ఇంజనీరు ఇద్దరూ కలిసి గుర్తు పెట్టాలి.

మునిసిపాలిటీకి కూడా కాగితం పెట్టండి: ఈసారి రోడ్డు వేసేటప్పుడు పాత తారు పొర గీకి తీసి వేయమని. దానికి యంత్రాలున్నాయి. ఇది గుడికి ఒక్కదానికే కాదు, ఆ వీధిలో ప్రతి ఇంటికీ మేలే. ఇంటింటికీ సంతకాలు తీసుకోండి.

ప్రదోషం
గుడి దేవాదాయ శాఖ కింద ఉందా? 1987 చట్టం కింద నమోదైన గుడైతే కమిటీ తనంతట తాను మట్టి పోయకూడదు, శాఖ అనుమతి, అంచనాలు ఉండాలి. జీర్ణోద్ధరణకి శాఖ సర్వశ్రేయోనిధి నుంచి డబ్బు కూడా అడగొచ్చు.

గట్టుమీద_గూడు
ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. అందరికీ దండాలు. గుడి శాఖ కిందే ఉంది.

రెండు పనులు చేశాను. @లెవెల్_మిషన్ గారు చెప్పినట్టు తెలిసిన కుర్రాడి చేత లెవెల్ తీయించాను. వీధి కాలవలో పూడిక పద్నాలుగు అంగుళాలు ఉంది. పూడిక తీసేస్తే కాలవ అడుగు సోమసూత్రం మూతి కంటే నాలుగు అంగుళాలు కిందకి వస్తుంది. అంటే నీరు దానంతటదే పోవాలి!

రెండోది. ఉత్తరం వైపు ఎప్పుడో పోసిన సిమెంటు పలక ఒకటి పగిలి ఉంటే, గుడి ఈవో (కార్యనిర్వహణాధికారి) గారిని అడిగి, పంతులు గారి ఎదుట దాన్ని తీయించాం. కింద జానెడు మట్టి. మట్టి కింద రాతి తొట్టి ఉంది. ఒక అంచు విరిగింది, మిగతాదంతా బాగుంది. @అర్చకుల_ఇల్లు గారు వాళ్ళ గుడి గురించి రాసినలాంటి తొట్టే. పంతులు గారు దాని పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ తాతగారు చెప్పేవారట, ఇక్కడ తీర్థం పట్టుకునేవాళ్ళని.

అర్చకుల_ఇల్లు
తొట్టిలో మట్టి ఇనుప పారతో తీయకండి. చేత్తో, చెక్కముక్కతో తీయండి. అడుగున బయటికి పోయే చిల్లు ఉంటుంది, ఎటు ఉందో చూడండి. పాత దారి అటే.

శాసనాల_వెంట
విరిగిన అంచు ముక్క అక్కడే మట్టిలో ఉండొచ్చు. తీసిన మట్టి పారబోయకండి, జల్లెడ పట్టండి. ఫోటోలు ముఖ్యం!

పంచారామాల_బస్సు
వచ్చే కార్తీకం మా బస్సు మీ ఊరు మీదుగా వస్తుంది. ఆరో గుడి మీదే.

కొబ్బరాకు_పందిరి
మీటింగులో ముందు పులిహోర పెట్టండి, తర్వాత గ్రానైట్ మాట ఎత్తండి. కడుపు నిండితే మాట వింటారు.

గట్టుమీద_గూడు
మీటింగు అయింది. (పులిహోర పెట్టాం.)

గ్రానైట్ మీద మూడు గంటలు వాదన. ఒక పెద్దాయన నా మీద కోపంగానే లేచి వెళ్ళారు, ఆయనకి ఎనామిల్ రంగు కావాలి. @మూడో_తరం గారి పోస్టు చదివి వినిపించాను. ఇద్దరు దాతలు టైల్స్ డబ్బు సంపుకీ, కంకర కాలవకీ ఇస్తామన్నారు. మట్టి పోసే మాట ప్రస్తుతానికి ఆగింది. శాఖ స్థపతిని పిలిపించాలని తీర్మానం రాశారు. చేతిపట్టు కమ్మీకి అందరూ ఒప్పుకున్నారు, అదే మొదట పెడుతున్నారు @సత్రం_వీధి గారూ.

పూడిక తీత బుధవారం. తొట్టి చిల్లు తూర్పు వైపు ఉంది, దాని ముందు ఒక కిరాణా కొట్టు మెట్లు కట్టుకుని ఉన్నాయి. రేపు ఆ కొట్టు ఆయన దగ్గరికి వెళ్ళాలి. ఎలా అడగాలో చెప్పండి.

సత్రం_వీధి
ఒక్కరే వెళ్ళకండి. పంతులు గారిని తీసుకెళ్ళండి. ముందు తొట్టి చూపించండి, మెట్ల మాట ఆయనే ఎత్తుతాడు.